ఏడో గ్రీన్ మీద అడుగులు

డిసెంబరు 3, మంగళవారం

అక్కకు తమ్ముడు నమస్కారాలతో,

బావ ఆదివారం ఉదయం ఆరున్నర తర్వాత ఎవరికీ కనబడలేదు. ఈ ఉత్తరం రాస్తున్న మంగళవారం సాయంత్రం దాకా ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. అసలైతే ముందు నీ కాలు ఎలా ఉంది, కట్టు కింద దురద తగ్గిందా, ఆస్పత్రి వంటింట్లో నీ బదులు ఎవరు చూస్తున్నారు అని అడగాలి. అడిగినట్టే అనుకో.

ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, పెట్టేశాక ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ గుర్తుండదు. కాగితం మీద పెట్టు, చూసింది రాయి, ఊహించింది రాయకు అని నువ్వే అన్నావు. అలాగే రాస్తున్నాను. నేను చూడనిది రాయాల్సి వస్తే ఎవరు చెప్పారో కూడా రాస్తాను.

శనివారం మేం గోల్ఫ్ మైదానంలో గడ్డికి నీళ్ళు పెట్టే గొట్టాలు ఖాళీ చేశాం. చలి ముదిరితే భూమిలోని గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి కాబట్టి, కంప్రెసర్‌తో గాలి కొట్టి జెండా పాతి ఉండే ఒక్కో గ్రీన్ గడ్డి దగ్గరా మిగిలిన నీళ్ళను బయటికి తోలేయడం ఏటా ఉండే పనే. ఏటా వాల్వుల దగ్గర బావే ఉంటాడు, ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వడు. ఈసారి నన్ను పెట్టి, తను జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. కంప్రెసర్ నడిపే మామ దూరం నుంచి చూసి, ఏంటయ్యా పెళ్ళికొడుకులా నిలబడ్డావు, ఇవాళ నీ చేతికి మట్టి అంటకూడదా అని అరిచాడు. మామ ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. ఆ మిషను పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డ చెవులు కదా. బావ నవ్వాడు. చివరి గ్రీన్ దగ్గర గొట్టంలోంచి నీళ్ళు ఆగి ఉత్తి గాలి వచ్చేదాకా ఉండి, అయిపోయింది, పదండి అన్నాడు. అప్పుడు సాయంత్రం ఐదు దాటింది. ఆ తర్వాత నేను ఆయన్ని చూడలేదు.

ఆదివారం ఆయన్ని చూసింది మామ ఒక్కడే. ఆరింటికే బావ షెడ్డుకొచ్చి టీ పెట్టాడట, ఇద్దరూ తాగారట. బయట అప్పటికింకా మంచు కురవడం లేదు. గడ్డి మీద మాత్రం పొరమంచు ఉప్పు చల్లినట్టు పేరుకుందట. అలాంటి పొద్దుల్లో ఆటకు రావద్దని గేటు దగ్గర బోర్డు పెట్టి, దారి వెంట ఒక చుట్టు తిరిగి రావడం బావ పని. బోర్డు పెట్టాడు. నేనూ చూశాను, ఇంకా అక్కడే ఉంది. ఒక చుట్టు తిరిగొస్తా మామా అని మేనేజర్‌ని వెంటేసుకుని నడుచుకుంటూ వెళ్ళాడట. బండి తీసుకెళ్ళలేదు, అది షెడ్డులోనే ఉంది.

మేనేజర్ కూడా కనబడటం లేదు. రోజంతా తిరుగుతుంది, అందరి మీదా అరుస్తుంది, చేసే పని ఒక్కటీ లేదు అని ఆ కుక్కకు ఆ పేరు పెట్టింది నువ్వే. దానికి ఒక పనుందని, అడవిబాతులు గుంపుగా దిగి గ్రీన్లు పాడుచేయకుండా తరమడం చిన్న పని కాదని బావ నీతో వాదించేవాడు. కుక్క లేదు కాబట్టి ఆయన కుక్కను తీసుకుని ఎటో వెళ్ళాడని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు.

ఎనిమిదింటికి మంచు మొదలైంది. నేను తొమ్మిదింటికి వెళ్ళేసరికి చీలమండ దాకా పడింది, ఇంకా పడుతోంది. బావ క్వార్టర్‌కు తాళం వేసి ఉంది. ఫోన్ మోగడం లేదు. మధ్యాహ్నం పోలీసులకు చెప్పాను. నలుగురొచ్చారు. చెట్ల మధ్య, కాలువల్లో, ఇసుక గుంటల్లో వెతికారు. చెరువు గట్టు చుట్టూ తిరిగారు. చెరువు గడ్డకట్టి దాని మీద మంచు పరుచుకుని ఉంది, మధ్యలో బాతులు దిగే చోట ఎప్పటిలాగే నల్లటి నీళ్ళు కనబడుతున్నాయి. ఎక్కడా ఒక్క అడుగు జాడ లేదు. ఉన్నా కొత్త మంచు కింద పోయి ఉంటుంది అన్నారు.

మంచి కబురు లాంటిది ఒకటుంది. మీ ఊరి బస్సు నడిపే పొట్టి డ్రైవర్, ఆదివారం ఏడింటికి నాలుగు రోడ్ల దగ్గర టోపీ పెట్టుకున్న ఒక మనిషి కుక్కతో నడిచి వెళ్తుంటే చూశానని పోలీసులకు చెప్పాడు. దాంతో క్లబ్బు సెక్రటరీ, చెప్పాపెట్టకుండా పోయాడన్నమాట అని తేల్చేశాడు. పోయిన నెల మూడు గ్రీన్లకు తెగులు పట్టినప్పుడు కమిటీ బావను నిలబెట్టి అడిగింది కదా, ఆ రోషంతో పోయాడని ఆయన లెక్క.

నీ లెక్క వేరని నాకు తెలుసు. శనివారం రాత్రి ఫోన్‌లో నువ్వు బావతో అన్న మాట ఏడుస్తూ నాకు చెప్పావు. ఆగస్టులో నువ్వు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, ఆకులు ఊడ్చేశాక వస్తానన్నాడు. తర్వాత గ్రీన్లకు బెజ్జాలు కొట్టి ఇసుక నింపాక అన్నాడు. తర్వాత గొట్టాలు ఖాళీ అయ్యాక అన్నాడు. శనివారం గొట్టాలు ఖాళీ అయ్యాయి, ఇక బ్లేడ్లు సానపట్టాలి అన్నాడు. నువ్వూ నీ గడ్డీ ఆ మేనేజరూ కలిసి కాపురం చేసుకోండి, ఇక నా దగ్గరికి రాకు అని నువ్వు పెట్టేశావు. ఆయన ఆ మాట పట్టుకుని వెళ్ళాడా అని అడిగావు. తెలియదు. తెలిసిన రోజున రాస్తాను.

నీ తమ్ముడు

డిసెంబరు 8, ఆదివారం

అక్కకు,

నమస్కారం. బస్సు డ్రైవర్ చూసింది బావను కాదు. నిన్న మధ్యాహ్నం డిపోలో అతన్ని కలిసి అడిగాను. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిదనిపించింది.

నేను వెళ్ళేసరికి డ్రైవర్లంతా అన్నం డబ్బాలు తెరిచి కూర్చున్నారు. కుక్క రంగేంటి అని అడగ్గానే ఒకడు, కుక్కల జనాభా లెక్కలవాళ్ళు వచ్చారురోయ్, మీ ఇళ్ళలో ఎన్నున్నాయో చెప్పండి అన్నాడు. అందరూ నవ్వారు. పొట్టి డ్రైవర్ మాత్రం నవ్వలేదు. తెల్లగా ఉంది, చిన్నది, మెడకు తాడు ఉంది అన్నాడు. మేనేజర్ నల్లది, దాని మెడకు తాడు ఎప్పుడూ లేదు అన్నాను. అతను డబ్బా మూత పెట్టేశాడు. అందరూ పదేపదే అడుగుతుంటే ఆయన్నే చూశాననిపించింది తమ్ముడూ, మంచి మాట చెబుతున్నాననుకున్నాను అన్నాడు. అతని మీద కోపం రాలేదు. వెంటనే పోలీసులతో కూడా చెప్పించాను.

ఇక్కడ మంచు తగ్గలేదు. మైదానమంతా ఒకటే తెలుపు, ఏది గ్రీనో ఏది ఇసుక గుంటో జెండా కర్రలున్న చోట తప్ప తెలియదు. పని షెడ్డులోనే. కోత మిషన్లు విప్పి బ్లేడ్లు సానపడుతున్నాం. మామ అరవడం మానేశాడు. మామూలు గొంతుతో మాట్లాడుతుంటే ఆ గొంతు ఎవరిదో అన్నట్టుంది. బావ టీ కప్పు కడిగి బోర్లించి పెట్టాడు. దాన్ని ఎవరూ వాడటం లేదు.

ఇంకో సంగతి. శుక్రవారం సెక్రటరీ షెడ్డుకొచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి పోయేవాడు, ఆ రోజు లోపలికొచ్చి ఇసుక బస్తాల మీద కూర్చున్నాడు. మీ బావ కనబడకుండా పోవడానికి ముందు గురువారం నా గదికి వచ్చాడు, నేను ఎవరికీ చెప్పలేదు అన్నాడు. జనవరి నుంచి నేనుండను, మా ఆవిడ దగ్గరికి పోతాను, నా పని మా బావమరిదికి ఇవ్వండి, చేతికి పని వచ్చు, నోరే కాస్త ఎక్కువ అని బావ అన్నాడట. సెక్రటరీ ఎండలు వచ్చేదాకా ఆగమన్నాడట. దానికి బావ, ప్రతి కాలానికీ ఇక్కడ ఒక పని ఉంటుంది సార్, మీరు చెప్పినట్టయితే నేను ఆగుతూనే ఉంటాను అన్నాడట. సరే అనకుండానే పంపించాను, ఆ మాటే నన్ను తినేస్తోంది అన్నాడు సెక్రటరీ.

శనివారం వాల్వుల దగ్గర నన్నెందుకు నిలబెట్టాడో అప్పుడు అర్థమైంది. అంతకు ముందు వారం గ్రీన్ మీద బంతి పడే గుంట కోసే గొట్టం కూడా నా చేతికిచ్చి, రోజూ జెండా ఎక్కడికి మార్చాలో ఇక నువ్వే చూసుకో అన్నాడు. చలికి చేతులు నొప్పెడుతున్నాయేమో అనుకున్నాను.

అక్కా, బావ నీ దగ్గరికి రావడానికి సిద్ధపడ్డాడు. ఇది సెక్రటరీ నోటి మాట, కానీ ఆయనకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఈ మాట నీకు కొంచెమైనా ఊరటనిస్తుందని రాస్తున్నాను.

కాలు కింద పెట్టకు. కట్టు విప్పేదాకా ప్రయాణం మాటెత్తకు.

నీ తమ్ముడు

డిసెంబరు 17, మంగళవారం

అక్కకు నమస్కరించి,

సోమవారం ఉదయం ఏడో గ్రీన్ మీద మూడు అడుగులు బయటపడ్డాయి. వాటి ముందు వైపు చెరువుకేసి ఉంది. వెనక్కి వచ్చిన అడుగులు లేవు. ఇన్‌స్పెక్టర్ మేడమ్ నిన్న మధ్యాహ్నం నీకు ఫోన్ చేసి ఇంతవరకూ చెప్పారని తెలుసు. మిగతాది నన్ను రాయమన్నావు.

పోయిన ఉత్తరంలో ఊరటగా ఉంటుందని రాసింది నీకు కత్తిలా దిగిందని నీ జవాబు చూశాక తెలిసింది. అంటే రావడానికి సిద్ధపడ్డ మనిషిని నేనే రావద్దన్నానన్నమాట అని రాశావు. నిజమే, ఆ కోణం నాకు తట్టలేదు. అందుకే ఈసారి ఊరట మాట పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం ఎండ కాసింది. మంచు కరగడం మొదలైంది. సోమవారం పొద్దున్నే నేనూ మామా ఏయే గ్రీన్లు తేలాయో, మంచు కింద ఎక్కడ తెగులు పట్టిందో చూడటానికి బయల్దేరాం. ఏడోది చెరువు పక్కనే కదా. చెరువు వైపు సగం తేలింది, చెట్ల నీడ పడే సగం ఇంకా మంచు కిందే ఉంది. తేలిన సగంలో మూడు మచ్చలు కనబడ్డాయి. మామ తెగులనుకుని కిందికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తెగులైతే మచ్చ గుండ్రంగా ఉంటుంది. ఇవి బూటు ఆకారంలో ఉన్నాయి.

పొరమంచు పట్టిన గడ్డి మీద కాలు పెడితే ఏమవుతుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నీ పెళ్ళయిన మొదటి చలికాలం, బావకు టీ తెస్తూ దగ్గర దారి అని నాలుగో గ్రీన్ మీదుగా వచ్చావు. బావ గట్టు మీద నుంచి రెండు చేతులూ ఊపుతూ కేకలు పెడితే, కొత్త పెళ్ళాన్ని చూసి మురిసిపోతున్నాడనుకున్నావు. మర్నాటికి నీ చెప్పులు పడిన చోటల్లా గడ్డి నల్లబడింది, తర్వాత గోధుమ రంగుకు తిరిగింది. గడ్డి లోపల నీరు గడ్డకట్టి ఉన్నప్పుడు తొక్కితే అది విరిగి చచ్చిపోతుంది, కొత్త గడ్డి వచ్చేదాకా ఆ అచ్చు పోదు. నెలరోజులు ఆ మచ్చలు అలాగే ఉన్నాయి. అందరూ ఆ గ్రీన్‌ని కొత్తకోడలు గ్రీన్ అనేవాళ్ళు. నువ్వు సిగ్గుతో షెడ్డు వైపు రావడమే మానేశావు.

అంటే ఈ మూడు అడుగులూ మంచు కురవక ముందువి, గడ్డి మీద పొరమంచు ఉన్నప్పటివి. ఆ ఆదివారం ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్యవి. ఆ వేళ మైదానంలో ఉన్నది బావ ఒక్కడే. బూటు అడుగున అడ్డగీతలు మా అందరి బూట్లకూ ఉండేవే, కొలత బావది.

గంటలో ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చారు. తొందరపడే మనిషి కాదు. చుట్టూ తాడు కట్టించి, ఫొటోలు తీయించి, గట్టు మీద కూర్చుని నన్ను ఒక్కొక్కటీ అడిగారు. ఆయన పొరమంచులో గ్రీన్ మీదికి వెళ్ళడం మామూలేనా అన్నారు. ఎప్పుడూ లేదన్నాను. క్లబ్బు ఛైర్మన్ ఒకసారి అతిథులతో వచ్చి, మేం నెమ్మదిగా నడుస్తాంలే అంటే, బావ ఇసుక సర్దే రేక్ కర్ర అడ్డం పెట్టి, నెమ్మదిగా తొక్కినా చచ్చేది చస్తుంది సార్ అన్నాడని చెప్పాను. మరి తనే ఎందుకు తొక్కాడు అని ఆవిడ అడిగారు. మూడు అడుగుల మధ్య మంచు ముద్దలు ఇంకా కరగకుండా ఉన్నాయి. వాటి కింద మరికొన్ని అడుగులు ఉండొచ్చు, కదిలించొద్దు, వాటంతట అవే కరగనిద్దాం అన్నారు.

నిన్న సాయంత్రం నువ్వు నాకు పంపిన కబురులో ఒకటే మాట ఉంది. నా మాట పట్టుకుని వెళ్ళి దూకాడా, ఆ ఒక్కటి చెప్పు అన్నావు.

ఊహ రాయొద్దన్నావు, కానీ నా మనసులో ఉన్నది నీ దగ్గర దాచి రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. ఆ గడ్డికి అంత కాపలా కాసిన మనిషి పొరమంచులో దాని మీద నడిచాడంటే, ఇక ఈ గడ్డితో నాకేం పని అనుకున్నవాడే అయ్యుండాలి అని నాకూ అనిపించింది. అనిపించింది, అంతే. మూడు అడుగులు చెప్పగలిగింది ఆయన చెరువు వైపు వెళ్ళాడని మాత్రమే. ఎందుకు వెళ్ళాడన్నది వాటిలో లేదు. నువ్వు అడిగినదానికి ఈ రోజుకీ నా జవాబు తెలియదు అనే. ఇది రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో, చదవడం నీకు అంతకన్నా కష్టమని తెలుసు.

చెరువు మీద గడ్డకట్టిన పొర సగం విరిగి తేలుతోంది. దాని మీద నడవడానికి లేదు, పడవ వేయడానికి లేదు, అడుగంతా బురద. అందుకని నీళ్ళు తీసి చూడాలని నిర్ణయించారు. వరదలకు వాడే పెద్ద పంపు శుక్రవారానికి దొరికింది. కొన్నేళ్ళకోసారి పూడిక తీయడానికి నీళ్ళు వదిలేది నేనూ బావే కాబట్టి తూము సంగతి నాకు తెలుసు. నువ్వే తీస్తావా, వేరేవాళ్ళకు చూపిస్తావా అని ఆవిడ అడిగారు. నేనే తీస్తానన్నాను.

నీ ఫోన్ దగ్గర పెట్టుకో. పక్క గది నర్సును ఈ రెండు రోజులూ నీకు తోడుగా పడుకోమను. నేను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

తా.క. బుధవారం ఉదయం ఎనిమిదింపావు.

ఉత్తరం అంటించాను, మళ్ళీ చింపాను. రాత్రి వాన పడింది. తెల్లవారేసరికి ఏడో గ్రీన్ మీద మంచు అన్నదే లేదు, చెట్ల నీడ సగం కూడా పూర్తిగా తేలింది.

మూడు అడుగుల మధ్య మంచు ముద్దలున్నాయని రాశాను కదా, వాటి కింద అడుగులు లేవు. అక్కడ గడ్డి పచ్చగా ఉంది. అంటే అడుగుకీ అడుగుకీ మధ్య అంత దూరం. గ్రీన్ పొడుగునా అలాగే ఉన్నాయి. పక్కనుంచి నేను నడిచి చూశాను, అందలేదు. అంగలు వేసి చూశాను, అందలేదు. పరిగెత్తరా అని గట్టు మీద నుంచి మామ అరిచాడు. ఇన్నాళ్ళకు అరిచాడు. పరిగెత్తితే సరిపోయింది. ప్రతి అడుగుకీ మడమ అచ్చు మసకగా ఉంది, పాదం ముందు భాగమే గట్టిగా పడింది.

నీడ సగంలో కుక్క పాదాలు కూడా ఉన్నాయి. నాలుగేసి గుత్తులుగా, గుత్తికీ గుత్తికీ చాలా ఎడంగా, అదీ పరుగే. అది చెట్ల వైపు నుంచి వంపు తిరిగి, బాతులు దిగే నీళ్ళ వైపు వెళ్ళింది. బావ అడుగులు కాలిదారి అంచున మొదలై, ఆ వంపును కోసేస్తూ అడ్డంగా వెళ్ళాయి. ఇన్‌స్పెక్టర్ మేడమ్‌ని పిలిచాను. చాలాసేపు చూశారు. ముందు పోయేది వంపు తిరుగుతుంది, వెనక పడి పట్టుకోబోయేవాడు అడ్డంగా కోస్తాడు, ఆయన కుక్కను ఆపడానికి పరిగెత్తాడు అన్నారు. రిపోర్టులో అదే రాస్తానన్నారు. కాలిదారిలో చుట్టూ తిరిగి చెరువుకు వెళ్ళాలంటే ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. ఆ సమయం లేకే ఆయన పొరమంచు మీద కాలు పెట్టాడు.

కాబట్టి నువ్వడిగినదానికి జవాబు దొరికింది. నీ మాట పట్టుకుని వెళ్ళలేదు. బాతుల వెనక పడి మేనేజర్ గడ్డకట్టిన చెరువు మీదికి పోతుంటే, దాన్ని పట్టుకోవడానికి వెళ్ళాడు. ఆయన ప్రాణాలతో ఉన్నాడనే ఆశకు ఇందులో చోటు లేదు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఈ ఉత్తరాన్ని తొమ్మిదింటి బస్సులో పొట్టి డ్రైవర్ చేతికి ఇస్తున్నాను, సాయంత్రానికి నీ చేతిలో పెడతాడు. రేపు పదింటికి నీ కట్టు విప్పుతారు. రెండున్నర బస్సులో నువ్వు కాలు చాపుకునేలా ముందు సీటు ఖాళీగా ఉంచుతానన్నాడు. ఏడింటికి బస్టాండులో నేనుంటాను. శుక్రవారం ఉదయం ఏడున్నరకు పంపు వస్తుంది, ఎనిమిదింటికి తూము తీస్తాను.